నెల్లూరు, ఒంగోలు వైపు సీలియాక్ ఉన్నవాళ్ళు బయట ఏం తినొచ్చు, హోటల్లో ఏం అడగాలి?

పెన్నా_గట్టు:
పదేళ్ళ బాబుకి సీలియాక్ (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) అని రక్తపరీక్షలోనూ బయాప్సీలోనూ తేలింది. ఇంట్లో వంట మార్చుకున్నాం, ఆ బాధ లేదు. బయట తిండి సంగతే తెగడం లేదు. నెల్లూరులో ఏ టిఫిన్ హోటల్లో అడిగినా గ్లూటెన్ అన్న మాట ఎవరికీ తెలియదు. ఇడ్లీ, దోసె బియ్యంతోనే కదా, పెట్టొచ్చా? పెళ్ళిళ్ళకి పోయినప్పుడు, ఒంగోలు దాకా కారులో పోయేటప్పుడు ఏం చేయాలి? డాక్టరుని అడగాల్సినవి డాక్టరునే అడుగుతాను. నాకు కావాల్సింది వంటగది సంగతులు, కాస్త వివరంగా.

ఒంగోలు_పథ్యం:
ముందు కొలత మనసులో పెట్టుకోండి, మిగతా లెక్కంతా దాని మీదే నడుస్తుంది. సీలియాక్ ఉన్నవాళ్ళు రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కొన్ని నెలలపాటు తింటే పేగు గోడ దెబ్బతింటుంది. 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి ఆ నష్టం కనిపించదు. మైదాలో నూటికి 8 నుంచి 10 పాళ్ళు గ్లూటెనే. అంటే 10 మిల్లీగ్రాములు కావడానికి గ్రాములో ఎనిమిదో వంతు పిండి చాలు. టీస్పూనులో ఇరవయ్యో వంతు. చపాతీ వత్తిన చెయ్యి దులుపుకోకుండా ఇడ్లీ తీసి పెడితే అంత పిండి అంటుకోవడం పెద్ద కష్టమేం కాదు.

వేడికి గ్లూటెన్ పోదు. నూనెలో మరిగినా, పెనం మీద కాలినా అలాగే ఉంటుంది. శానిటైజర్ రాసినా పోదు. సబ్బు, నీళ్ళు పెట్టి తోమితేనే పోతుంది. "మంట మీద అన్నీ చచ్చిపోతాయిలే" అని హోటల్లో ఎవరైనా అంటే వాళ్ళు చెప్పేది సూక్ష్మక్రిముల సంగతి. మనది వేరు.

అందుకని వంటకం పేరు అడిగి ఊరుకుంటే చాలదు. ఏ పెనం, ఏ నూనె, ఏ గరిటె, ఏ ఇంగువ అని అడగాలి. గ్లూటెన్ అన్న మాట వదిలేయండి. "మైదా, గోధుమపిండి, బొంబాయి రవ్వ, సేమియా, బార్లీ, సోయాసాస్, ఇంగువ పడవు" అని పేరు పేరునా చెప్పండి. "పడదు" అన్న మాట మనవాళ్ళకి బాగా తెలుసు. డైటింగ్ అనుకుంటే తేలిగ్గా తీసుకుంటారు, పడదు అంటే ఆగి వింటారు.

గూడూరు_మాస్టర్:
టిఫిన్ హోటల్ సంగతి నేను చెప్తాను.

ఇడ్లీ ఉన్నవాటిలో మేలు. మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, ఉప్పు, అంతే. ఇడ్లీ రవ్వ బియ్యపు రవ్వే. ఉప్మా రవ్వ, బొంబాయి రవ్వ, బన్సీ రవ్వ మాత్రం గోధుమవి. సర్వర్ని "ఇడ్లీ దేంతో చేస్తారు?" అంటే "రవ్వతో" అంటాడు, మీరు భయపడతారు. ఇంకోచోట నిజంగానే బొంబాయి రవ్వతో రవ్వ ఇడ్లీ వేస్తుంటారు, మీరు మామూలు ఇడ్లీ అనుకుంటారు. కాబట్టి "బియ్యపు రవ్వా, గోధుమ రవ్వా?" అని తేల్చి అడగండి. రవ్వ ఇడ్లీ కూడా వేసే హోటలైతే రెండూ ఒకే పాత్రలో ఉడుకుతాయి, పై పళ్ళెం నుంచి కింది పళ్ళేనికి నీళ్ళు కారతాయి. అక్కడ వద్దు.

దోసెకి పిండి కంటే పెనంతోనే ముప్పు. ఒకే పెద్ద పెనం మీద ఒక పక్క రవ్వ దోసె, ఒక పక్క చపాతీ, మధ్యలో మీ దోసె. మాస్టర్ నీళ్ళు చల్లి చీపురుతో ఊడుస్తాడు, సగం ఉల్లిపాయతో రుద్దుతాడు. ఆ చీపురు పొద్దున్నుంచీ అన్నిటినీ ఊడ్చిందే. రవ్వ దోసె పిండిలో బొంబాయి రవ్వ, మైదా రెండూ ఉంటాయి, ఆ తుంపర పెనమంతా చిందుతుంది. దానికితోడు దోసె కరకరలాడాలని మామూలు పిండిలో కూడా గుప్పెడు బొంబాయి రవ్వో మైదాయో కలిపే చోట్లు ఉన్నాయి. ఈ కలపడం సర్వర్‌కి తెలియదు, పిండి రుబ్బేవాడికే తెలుస్తుంది.

దోసె తినాలంటే రెండే దార్లు. పొద్దున హోటల్ తెరిచిన వెంటనే, పెనం మీద ఇంకేదీ పడకముందు, తోమిన పెనం మీద మొదటి దోసె వేయించుకోవడం. లేదా దోసెలే తప్ప చపాతీ, పూరీ, రవ్వ దోసె జోలికి పోని చిన్న బండి వెతుక్కోవడం. కారం దోసె, ఎగ్ దోసె మాత్రమే వేసే బండ్లు నెల్లూరులో చాలా ఉన్నాయి. అక్కడ ఎర్రకారంలో, పప్పుల పొడిలో ఇంగువ వేశారా అన్నదొక్కటే అడగాల్సింది. అదే బండి మీద పరోటా కూడా కాలుస్తుంటే ఇక ఆలోచించొద్దు.

పెసరట్టు మంచిదే. కానీ ఉప్మా పెసరట్టు వేసే పెనం మీద ఉప్మా మెతుకులు ఉంటాయి. పొంగలి బియ్యం, పెసరపప్పు. ఇంగువ వేశారా అని అడిగి తినొచ్చు. మైసూర్ బజ్జీ మొత్తం మైదానే. పులిబొంగరాలు దోసెపిండితో వేస్తారు గానీ గట్టిపడాలని మైదా కలపడం మామూలు. వాటి జోలికి పోవద్దు.

ఉలవపాడు_తోట:
ఇంగువ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మన వైపు ఇది తెలియకే ఎక్కువమంది దెబ్బతింటారు.

అసలు ఇంగువ ఒక చెట్టు పాలు. అందులో గ్లూటెన్ లేదు. అంగట్లో డబ్బాల్లో దొరికేది చాలావరకు బంధాని ఇంగువ. అంటే ఆ పాలకి జిగురు, పిండి కలిపి చేసినది. ఆ పిండి మైదా కావచ్చు, గోధుమపిండి కావచ్చు, బియ్యప్పిండి కావచ్చు. డబ్బా వెనక చదివితేనే తెలుస్తుంది. బియ్యప్పిండితో చేసినవి ఇప్పుడు వస్తున్నాయి. ఇంటికి అవి తెచ్చుకోవచ్చు, హోటల్ మాత్రం తనకి అలవాటైనదే కొంటుంది.

లెక్క వేసి చూద్దాం. డబ్బా ఇంగువలో సగం మైదా అనుకుందాం. పది లీటర్ల సాంబారులో 5 గ్రాములు వేస్తే మైదా రెండున్నర గ్రాములు, అందులో గ్లూటెన్ 200 మిల్లీగ్రాములకి పైన. 150 మిల్లీలీటర్ల గిన్నెకి మూడు, మూడున్నర మిల్లీగ్రాములు వస్తుంది. ఇదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. కానీ భోజనంలో సాంబారు ఒకసారి వేసుకుని ఆగం. రసంలో ఇంగువ, పచ్చడి పోపులో ఇంగువ, పప్పులో ఇంగువ, ఊరగాయలో, చివరికి మజ్జిగలో కూడా ఇంగువ. ఇక హోటల్లో చెంచాతో కొలిచి వేసేవాళ్ళు ఉండరు. రోటి పచ్చడిలో నీళ్ళు తక్కువ కాబట్టి ఇంగువ చిక్కగా ఉంటుంది, చెంచాడు పచ్చడిలోనే గిన్నెడు సాంబారుకి సరిపడా రావచ్చు.

కాబట్టి ఇడ్లీకి సాంబారు వద్దని, పోపు పెట్టని కొబ్బరి చట్నీ వేయమనండి. పొద్దున చట్నీ రుబ్బాక పోపు పెట్టకముందు కొంచెం తీసి పెట్టమంటే తెలిసిన హోటల్లో పెడతారు. అదీ కుదరకపోతే ఇంటి నుంచి చిన్న డబ్బాలో పొడి, నెయ్యి పట్టుకుపోవడం అన్నిటికంటే సుఖం.

పెన్నా_గట్టు:
ఇంగువలో మైదా ఉంటుందని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్. మరి వడ? మినప్పప్పే కదా. బాబుకి వడంటే ప్రాణం.

గూడూరు_మాస్టర్:
వడపిండి మంచిదే. మూకుడే చెడ్డది. పూరీ, మైసూర్ బజ్జీ, వడ అన్నీ ఒకే నూనెలో పోతాయి. పూరీ మీద పొడిపిండి నూనెలో రాలి అడుక్కి చేరి నల్లగా మాడుతుంది, ఆ మడ్డి వడకి అంటుకుంటుంది. నూనె వడకట్టినా సన్నపిండి పోదు.

కావలి_కలంకారీ:
మాస్టర్ గారూ, అంత భయపెట్టాలా? నూనెలో పడేది కాస్త పొడే కదా. వారానికోసారి ఒక వడ తింటే ఏమైపోతుంది? పిల్లలకి అన్నీ వద్దు వద్దంటే చాటుగా తింటారు, అది ఇంకా కష్టం.

ఒంగోలు_పథ్యం:
కావలి అక్కా, చాటుగా తింటారన్న మాట నిజం, దాన్ని నేను కాదనను. వడ దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. పది వడలు వేసిన తాజా నూనెలో వేసిన వడ వేరు, నాలుగు వాయిల పూరీలు వేశాక వేసిన వడ వేరు. ఎంత చేరిందో కంటికి కనపడదు, తిన్నాక కడుపూ చెప్పదు. సీలియాక్‌లో చాలామందికి నొప్పి, విరేచనం ఏమీ లేకుండానే లోపల పేగు దెబ్బతింటూ ఉంటుంది. "తిన్నాడు, ఏం కాలేదు" అన్నది రుజువు కాదు. పిల్లల్లో ఇది ఎత్తు పెరగకపోవడంలో, రక్తం తగ్గడంలో మెల్లగా బయటపడుతుంది.

వడ కావాలంటే మార్గం ఉంది. పొద్దున కొత్త నూనె పోసిన మూకుట్లో మొదటి వాయి వడలు తెమ్మనండి. లేదా ఇంట్లో వేసి వెచ్చగా కట్టుకుపోయి హోటల్లో అందరితోపాటు కూర్చోబెట్టి తినిపించండి. ముందుగా చెప్తే చాలా హోటళ్ళు అభ్యంతరం చెప్పవు. పిల్లాడికి కావాల్సింది అందరితో కలిసి తినడం. వద్దన్న ప్రతిదానికీ పక్కన ఒకటి చేతిలో పెడితే చాటుగా తినాల్సిన అవసరం రాదు.

మైపాడు_అల:
మాంసాహారం సంగతి. ఈ విషయంలో మన జిల్లా అదృష్టం చేసుకుంది.

నెల్లూరు చేపల పులుసుకి చింతపండు, కారం, ధనియాలు, మెంతులు, ఉల్లిపాయ, టమాటా, కాలంలో మామిడికాయ. చిక్కదనం పులుసు మరగడం వల్లే వస్తుంది, పిండితో పనిలేదు. కొర్రమీను, వంజరం, బొమ్మిడాయిలు ఏదైనా సరే, అన్నంలో పులుసు పోసుకుని తింటే మన ఊళ్ళో బయట దొరికే తిండిలో ఇంతకంటే నమ్మకమైనది నాకు కనపడలేదు. అయినా రెండు ప్రశ్నలు అడగండి: చిక్కబడాలని మైదాగానీ కార్న్‌ఫ్లోర్‌గానీ కలిపారా? చేప ముక్క ముందు వేయించి వేశారా? కార్న్‌ఫ్లోర్ మొక్కజొన్నదే, దాంతో ఇబ్బంది లేదు. కానీ వంటగదిలో రెండూ తెల్లపిండే, పక్కపక్క డబ్బాలే, ఒకే గరిటె. "కార్న్‌ఫ్లోరే సార్" అంటే డబ్బా చూపించమనండి.

చేపల ఫ్రై, రొయ్యల వేపుడు వేరు సంగతి. మసాలా ముక్కకి పట్టాలని మైదా, బొంబాయి రవ్వ అద్దడం ఉంది. బీచ్ దగ్గర బండ్ల మీద కూడా చూసి తీసుకోండి. పెనం మీద కొంచెం నూనెతో కాల్చే చేప అయితే మసాలా కలపకముందే ముక్క చూసి ఉప్పు, కారం, పసుపు, నిమ్మకాయతో వేయించుకోవచ్చు.

బిర్యానీలో బియ్యం, మాంసం బాగానే ఉన్నా మూడు చోట్ల గోధుమ దూరుతుంది. దమ్ము కోసం మూత చుట్టూ పెట్టే గోధుమపిండి ముద్ద ఒకటి, అది ఎండి ముక్కలై అన్నంలో రాలుతుంది. పైన చల్లే వేయించిన ఉల్లిపాయ ఇంకొకటి, కరకరలాడటానికి మైదా చల్లి వేయించే చోట్లు ఉన్నాయి. మూడోది ఫ్రై పీస్ బిర్యానీ, స్పెషల్ బిర్యానీ అని వచ్చేవాటి మీద ముక్క. అది చికెన్ 65 మాదిరి పిండి పట్టించి వేయించినదే. మూత గుడ్డతోనో బరువుతోనో బిగించే చోట, పైన ఉల్లిపాయ లేకుండా మామూలు ధమ్ బిర్యానీ అడుగుభాగం నుంచి తీయించుకోండి. గ్రేవీలో కూడా పిండి కలిపారా అని అడగడం మరవద్దు.

ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఆగొద్దు. సోయాసాస్ మామూలుగా గోధుమ వేసి పులియబెట్టేదే. నూడిల్స్ వేసిన బాండలిలోనే ఫ్రైడ్ రైస్ వేస్తారు. మంచూరియా మైదా. సోయాసాస్ లేకుండా వేయమన్నా ఆ బాండలి, ఆ గరిటె మారవు.

కనిగిరి_కొర్ర:
పశ్చిమ ప్రకాశం వైపు వచ్చేవాళ్ళకి: సజ్జ రొట్టె, జొన్న రొట్టె, కొర్ర అన్నం, రాగి సంగటి. నాలుగు ధాన్యాల్లోనూ గ్లూటెన్ లేదు. చిక్కు మర దగ్గర. పిండి మర ఒకటే ఉంటుంది, గోధుమలు ఆడించిన రాయిలోనే సజ్జలు పోస్తారు. ముందు ఆడించినవాళ్ళ పిండి రాయి సందుల్లో, జల్లెడలో, గుడ్డ సంచిలో ఉండిపోయి మీ మొదటి రెండు మూడు కిలోల్లో కలుస్తుంది. ఇంటికైతే చిన్న మిక్సీలోనో సొంత పిండి మరలోనో ఆడించుకోండి. మరకే పోవాల్సి వస్తే రెండు కిలోల బియ్యం ముందు ఆడించి పక్కన పెట్టేసి తర్వాత మీవి పోయించండి. అది తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు.

హోటల్లో రొట్టె విరగకుండా ఉండాలని జొన్నపిండిలో గోధుమపిండి కలపడం మామూలైపోయింది. జొన్న రొట్టె చపాతీలాగా మెత్తగా, మడిచినా విరగకుండా వచ్చిందంటే అనుమానించండి. ఉత్త జొన్న రొట్టె అంచులు చిట్లుతుంది. మిల్లెట్ అని బోర్డు పెట్టినంత మాత్రాన గోధుమ లేదని కాదు. మిల్లెట్ బిస్కెట్లలో, మిల్లెట్ నూడిల్స్‌లో గోధుమ ఉండటం మామూలే, ప్యాకెట్ వెనక చూడండి.

బిట్రగుంట_ఇంజను:
తాగేవాటి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

కొబ్బరిబొండాం, చెరకురసం, నిమ్మసోడా, ఫిల్టర్ కాఫీ, టీ, పాలు, లస్సీ ఇబ్బంది లేదు. కాఫీలో చికోరీ ఒక దుంప, దానికీ గోధుమకీ సంబంధం లేదు. హార్లిక్స్, బూస్ట్ మాదిరి పొడుల్లో బార్లీ మాల్ట్ ఉంటుంది, వద్దు. ఇది పిల్లాడికి ముఖ్యం. చుట్టాలింటికి పోగానే పాలల్లో అదే కలిపి ఇస్తారు. మాల్ట్ అన్న మాట ఎక్కడ కనిపించినా బార్లీ అనుకోండి. రాగి మాల్ట్‌కి మాత్రం మొలకెత్తిన రాగులు అని అర్థం, అదైనా ప్యాకెట్ అయితే గోధుమ కలిపారేమో చదవండి. బార్లీ నీళ్ళు చలవ అని ఎండాకాలంలో ఇస్తారు, అవి పూర్తిగా వద్దు. మజ్జిగలో ఇంగువ వేశారా అని అడగండి, లేదా ఉత్త పెరుగు తెప్పించి నీళ్ళు కలుపుకోండి.

ఐస్‌క్రీం కోను వద్దు, కప్పులో తీసుకోండి. స్కూపు ముంచే నీళ్ళ గిన్నె, బిస్కెట్ ముక్కలు కలిసిన ఐస్‌క్రీం తీసిన స్కూపు ఇవి చూడాలి. సీలు వేసిన కప్పు మేలు. ఫాలూదాలో సేమియా ఉంటుంది, గోధుమదో కాదో బండివాడు చెప్పలేడు. పెద్దవాళ్ళకి: బీరు బార్లీతో చేసేదే, తాగకూడదు.

హైవే మీద నాయుడుపేట నుంచి ఒంగోలు దాకా ధాబాల్లో రోటీ, పరోటా ప్రధానం. అన్నం, ఉడికించిన గుడ్లు, పెరుగు, అరటిపండు. అంతకుమించి అడగొద్దు. గుడ్డు పెంకుతో తెమ్మని మీరే ఒలుచుకోండి. కారులో పెట్టుకోవాల్సినవి: పెరుగన్నం, వేయించిన శెనక్కాయలు, బొరుగులు, చిక్కీ, పండ్లు. ఎండాకాలంలో పెరుగన్నానికి పాలు ఎక్కువ, పెరుగు కొంచెం కలిపితే మధ్యాహ్నం దాకా పులవదు. దారిలో నిప్పుల మీద కాల్చే మొక్కజొన్న కంకి, ఉడకబెట్టిన శెనక్కాయలు, వేసవిలో తాటిముంజలు నిశ్చింతగా తినొచ్చు. బండి మీద కలిపే బొరుగుల మిక్చరు వద్దు, అందులో కారప్పూస, గొట్టాలు దేంతో చేశారో తెలియదు. గొట్టాలు గోధుమవే ఎక్కువ.

వెంకటగిరి_జరీ:
పెళ్ళి బంతి గురించి. ముందురోజే కేటరింగ్ మాస్టర్‌తో మాట్లాడితే పని సులువు. పెళ్ళి ఇంటివాళ్ళకి చెప్తే వాళ్ళ హడావిడిలో మరిచిపోతారు, నేరుగా మాస్టర్‌కే చెప్పండి. తెల్లన్నం, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు, ఇంగువ పోపు పెట్టకముందు తీసిన ఒక కూర. ఇవి మూతపెట్టి విడిగా ఉంచమనండి. మొదటి బంతిలోనే కూర్చోండి. అప్పటికి గరిటెలు ఒక బకెట్లోవి ఇంకో బకెట్లోకి మారవు. మూడో బంతికి పులిహోర గరిటె పప్పులో, కుర్మా గరిటె కూరలో ఉంటుంది. ఆకులో అప్పడం వేయకముందే చెయ్యి అడ్డం పెట్టండి. అప్పడంలో ఇంగువ ఉంటుంది, పూరీలు వేసిన నూనెలోనే వేయించి ఉంటారు.

స్వీట్లు: జాంగ్రీ మినపపిండి, జిలేబీ మైదా, చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. లడ్డు, మైసూర్‌పాక్ శెనగపిండివి, కానీ మైదా కలపని చోటే. సున్నుండలు, అరిసెలు, పూతరేకులు మంచివి. బొబ్బట్లు, గులాబ్‌జామ్, కాజా వద్దు. నెల్లూరు మలై కాజాలో కోవా ఎంత ఉన్నా మైదా ఉంది. బూరె పైపూత బియ్యం, మినప్పప్పు అయితే సరే, మైదా పూత వేసేవాళ్ళు ఉన్నారు, అడగాలి.

గుడి ప్రసాదాల్లో చక్కెర పొంగలి మంచిది. పులిహోర, దద్ధోజనం ఇంగువ మీద ఆధారపడతాయి. కేసరి, సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వ. తిరుమల లడ్డు శెనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, కిస్‌మిస్, యాలకులతో చేసేది, గోధుమ లేదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి రొట్టె పట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. చర్మానికి గోధుమ తగిలితే సీలియాక్ ఏమీ చేయదు, నోట్లోకి పోతేనే. కోరిక రొట్టె ఇంట్లో ఇంకొకరు తింటారు, బాబు చేతులు సబ్బుతో కడుక్కుంటాడు.

చర్చికి పోయేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: ప్రసాదపు అప్పం గోధుమదే. కతోలిక చర్చిలో తక్కువ గ్లూటెన్ అప్పం అనుమతి ఉంది, ద్రాక్షారసం ఒక్కటే తీసుకున్నా సరిపోతుంది. ప్రధాన పాత్రలో అప్పం ముక్క వేస్తారు కాబట్టి వేరే పాత్ర అడగాలి. ఫాదర్ గారికి ముందే చెప్పి పెట్టండి.

కావలి_కలంకారీ:
ఇవన్నీ వడ్డించే కుర్రాడికి నిలబడి చెప్పలేం కదా. చీటీ మీద రాసిస్తే మేలు. ఎవరైనా రాస్తారా?

ఒంగోలు_పథ్యం:
రాశాను. అరచేతి అంత అట్ట మీద పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి లామినేట్ చేయించండి, తడిచేత్తో పట్టుకుంటారు:

"వంట మాస్టర్ గారికి నమస్కారం. ఈ బాబుకి గోధుమ పడదు. ఇది పేగు జబ్బు, కొంచెం తిన్నా లోపల దెబ్బతింటుంది. మైదా, గోధుమపిండి, ఉప్మా రవ్వ, బొంబాయి రవ్వ, బార్లీ, సోయాసాస్, డబ్బా ఇంగువ వేయకండి. చపాతీ, పూరీ, పరోటా చేసిన పెనం, నూనె, గరిటె వాడకండి. చేతులు, గిన్నె సబ్బుతో కడిగి వండండి. బియ్యం, పప్పులు, పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, చేపలు, మాంసం, కూరగాయలు, జొన్న, రాగి, శెనగపిండి, కార్న్‌ఫ్లోర్ తినొచ్చు. అనుమానం ఉంటే చెప్పండి, మేం వేరేది తింటాం. మీకు రుణపడి ఉంటాం."

చివరి రెండు మాటలూ తీసేయకండి. లేదు అని చెప్పే వెసులుబాటు ఇస్తేనే మాస్టర్ నిజం చెప్తాడు. అట్టని సర్వర్‌కి ఇచ్చి వదిలేయక లోపలికి పంపమనండి. రద్దీ లేని వేళ, పన్నెండుకి ముందో మూడు దాటాకో పోతేనే ఎవరైనా ఆగి చదువుతారు.

పెద్ద చెయిన్ రెస్టారెంట్లకి ఒక మాట. పది, అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్నవి అలర్జీ కలిగించే పదార్థాల వివరాలు ఇవ్వాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన ఉంది, కౌంటర్‌లో అడగండి. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. అరకిలో తిన్నా 10 మిల్లీగ్రాములే. హోటల్ మెనూలో రాసిన గ్లూటెన్ ఫ్రీకి మాత్రం ఎవరూ కొలిచి ఉండరు, పైన చెప్పిన ప్రశ్నలన్నీ అక్కడా అడగాల్సిందే.

పెన్నా_గట్టు:
ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. ఒకటే మిగిలింది. ఎంత జాగ్రత్తపడినా పొరపాటున తినేస్తే? గ్లూటెన్ అరిగించే మాత్రలని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు.

ఒంగోలు_పథ్యం:
ఆ మాత్రలు వేసుకుని గోధుమ తినొచ్చన్న భరోసా లేదు, వాటిని నమ్మొద్దు. విరుగుడు మందు కూడా లేదు. కక్కించొద్దు. వాంతి, విరేచనం అయితే ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగించండి, రెండు రోజులు గంజి, పెరుగన్నం, అరటిపండు. నీరసించి మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా డాక్టరు దగ్గరికి. ఏం తిన్నాడో, ఎక్కడ తిన్నాడో, ఎన్ని గంటలకి బాధ మొదలైందో రాసి పెట్టండి, మళ్ళీ అదే జరిగితే కారణం దొరుకుతుంది. మర్నాడే రక్తపరీక్షకి పరుగెత్తొద్దు. ఆ పరీక్షలో చూసే టీటీజీ యాంటీబాడీలు (సీలియాక్ ఉంటే రక్తంలో పెరిగేవి) నెలల మీద పెరిగి తగ్గేవి, ఒక్క పూట పొరపాటు అందులో కనపడదు. డాక్టరు చెప్పిన గడువుకి చేయించండి. అది మెల్లమెల్లగా దిగకుండా నిలిచిపోతే బయట తిండిలో ఎక్కడో రోజూ పోతున్నట్టు, అప్పుడు ఈ చర్చలో మొదటి నుంచి ఒక్కొక్కటే వెతకాలి. నేనైతే ఇంగువతో మొదలుపెడతాను.

గూడూరు_మాస్టర్:
అట్ట మీద "సేమియా" లేదు, చేర్చండి. పాయసం అంటే సగ్గుబియ్యమే అనుకుని గిన్నెలో పోసేస్తారు. ఇంకొకటి, లోపల పనిచేసేవాళ్ళు ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. అట్ట వెనక హిందీలో కూడా రాయించండి. నోటితో అడగాలంటే ఈ ఒక్క వాక్యం చాలు: "ఇస్ మే గేహూ, మైదా, సూజీ, జౌ, హీంగ్ డాలా హై క్యా?" (ఇందులో గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, బార్లీ, ఇంగువ వేశారా అని.)

పెన్నా_గట్టు:
చేర్చాను మాస్టర్ గారూ. ఆదివారం పొద్దున ఆరింటికే కారం దోసె బండి దగ్గరికి పోతున్నాం, కడిగిన పెనం మీద మొదటి దోసెకి.